నిమ్మతోటలోంచి వచ్చిన వ్యాను

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మొద్దని పిల్లలకు చెప్పడానికి నాకు జీతం కూడా ఇచ్చేవారు.

తిరుపతిలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరుగా పనిచేశాను. ఏటా కొత్త క్లాసు రాగానే నేను చేసే మొదటి ప్రయోగం నిమ్మకాయ కోయడం. కత్తికి ముందే మందార పువ్వు రుద్ది ఆరబెట్టి ఉంచేవాణ్ణి. దానితో కోస్తే కాయలోంచి ఎర్రగా రసం కారుతుంది. వెనక బెంచీవాళ్ళు "రక్తం సార్!" అని కేకలేస్తారు. అప్పుడు పువ్వు బయటికి తీసి, మంత్రగాళ్ళు జనాన్ని ఎలా బురిడీ కొట్టిస్తారో విడమరిచి చెప్పేవాణ్ణి. కోసిన కాయను కిటికీలోంచి బయటికి విసిరేసేవాణ్ణి.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. అప్పట్లో ఒక నోటుబుక్కులో అన్నీ రాసిపెట్టుకున్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు, ఉప్పూకారం చల్లకుండా చెబుతాను.

సంగతి ఎనభైల మొదట్లోది. నా భార్య సుగుణకు బస్సు పడదు. ఆమె పుట్టిల్లు పలమనేరు. తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఎలాగో ఓర్చుకుంటుంది, ఆ తర్వాత మొగిలి ఘాటు మలుపులు మొదలవగానే కిటికీలోంచి తల బయటపెట్టేస్తుంది. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన రోజే మూడుసార్లు బస్సు ఆపించింది. రైలు ఎక్కుదామంటే పలమనేరుకు రైలు లేదు. ముప్పై ఏళ్ళు రైల్వే గార్డుగా పనిచేసిన మా మామ, రిటైరయ్యాక రైలు కూత కూడా వినపడని సొంత ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాడు.

ఆ ఏడు పలమనేరులోనే మాకు ఆడబిడ్డ పుట్టింది. ఐదో నెలలో, ఆషాఢం రాకముందే, తల్లీబిడ్డల్ని మా ఇంటికి పంపాలని పెద్దలు అనుకున్నారు. పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ ఘాటులో బస్సులో ఎలా రావాలని సుగుణ ఉత్తరం రాసింది. టాక్సీ మాట్లాడుకోవచ్చు గదా అని మీరనవచ్చు. మా మామ కూడా అదే అన్నాడు. కానీ అప్పటికే నేను వ్యాను చూసేశాను.

ఒక స్నేహితుడి పెళ్ళికి గూడూరు వెళ్ళినప్పుడు, ఊరి బయట ఒక నిమ్మతోటలో, మోకాలెత్తు గడ్డిలో కనిపించింది. మామూలు వ్యాను కాదు. లోపల మనిషి పడుకునే మంచం, మడిచి గోడకు ఆనించే బల్ల, కిరసనాయిలు స్టవ్ పెట్టుకునే గూడు, కొళాయి బిగించిన రేకు తొట్టి. కిటికీలకు చీకిపోయిన తెరలు. పైకప్పుకు దోమతెర కట్టుకునే నాలుగు కొక్కేలు. నాకు అవి దోమతెర కొక్కేలుగా కనిపించలేదు, ఉయ్యాల కొక్కేలుగా కనిపించాయి. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

ఆ తోట పెద్దాయన నిమ్మకాయల వ్యాపారి. సరుకు వెంట మద్రాసు, బెంగుళూరు మార్కెట్లకు తిరిగేవాడు. పరాయి ఇంట పడుకోడు, హోటల్లో తినడు. అందుకని వ్యానునే ఇల్లుగా చేయించుకున్నాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. అప్పటినుంచి బండి చెట్ల కిందే ఉండిపోయింది. కొడుకులు అది వదిలితే చాలనుకున్నారు.

తోట కాపలా మనిషి చెంగయ్య. డెబ్బై ఏళ్ళుంటాయి. ఇంజను ఎలా ఉందని అడిగితే, "ఇంజను సంగతి నాకు తెలీదు సామీ. బండి మాత్రం పెద్దాయన మాదిరే. మంచిదే, మొండిది" అన్నాడు.

బండిని లాక్కుపోవడానికి లారీ తెచ్చాను. తాడు కట్టడం అయింది, డ్రైవరు లారీ స్టార్టు చేశాడు. చెంగయ్య రెండు చేతులూ ఎత్తి ఆపాడు. చీపురు తెచ్చుకుని, వ్యాను ముందు నుంచి తోట గేటు దాకా రాలిన నిమ్మకాయలన్నీ ఊడ్చి, ఒక్కొక్కటే ఏరి గంపలో వేసుకున్నాడు. అరగంట పట్టింది. లారీ డ్రైవరు తిట్టుకున్నాడు.

"బండి ముందర కాయ ఉండకూడదు సామీ. పెద్దాయన ఒప్పుకోడు" అన్నాడు చెంగయ్య.

ఎనిమిదేళ్ళ కిందట పోయినాయన ఇప్పుడు ఒప్పుకోకపోవడమేమిటని లోపల నవ్వుకున్నాను. ముసలాయన పొదుపరి అనుకున్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేనైతే మర్చిపోయాను.

తిరుపతిలో బాషా అనే మెకానిక్కు షెడ్డుకు బండి చేర్చాను. బాషా చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తి, దించి, "దీన్ని నాకాడికి ఎందుకు తెచ్చినారు సార్? జూకు తోలకపోయినారా?" అన్నాడు. తప్పు పట్టలేం. ఇంజను మీద ఎలుకల కాపురం. పొగగొట్టంలో కందిరీగల గూడు. స్టవ్ గూట్లో ఏ కాలంలోనో కోడి పెట్టిన గుడ్లు మూడు. స్టెప్నీ టైరులో పాము కుబుసం.

ఎండాకాలం సెలవులన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. బాషా మేస్త్రీ, నేను కూలీ. పట్టేసిన పిస్టన్ల మీద నూనె పోసి మూడు రోజులు నానబెట్టాం. పెట్రోలు ట్యాంకు దించి, అందులో గులకరాళ్ళు, కిరసనాయిలు పోసి, చెరో పక్క పట్టుకుని ఊపి ఊపి తుప్పు వదిలించాం. ఆ రాత్రి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తడానికి నాకు భుజం లేవలేదు. విడిభాగాల కోసం మద్రాసు పాతసామాన్ల అంగళ్ళు రెండుసార్లు గాలించాను. పరుపులో కొత్త కొబ్బరిపీచు కూరాను. స్కూలు కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు, హెడ్మాస్టరుకు చెప్పే తెచ్చి, బండికి పూశాను. వీధిలో వాళ్ళు దాన్ని చిలక అని పిలవడం మొదలుపెట్టారు.

పలమనేరు నుంచి సుగుణ ఉత్తరం వచ్చింది. "మా అక్కలు అడుగుతా ఉండారు, బండి వచ్చేది బిడ్డకు నడక రాకముందా, వచ్చినాకనా అని." జవాబు రాయడానికి బదులు ఇంకాస్త గట్టిగా రంగు రుద్దాను.

మే నెల చివర్లో ఇంజను లేచింది. ముందు దగ్గింది, తర్వాత గురక పెట్టింది, చివరికి మనిషిలా ఊపిరి తీసుకుంది. షెడ్డు ఆవరణలో పది చుట్లు తిప్పాను. ఎక్కడా ఆగలేదు. బాషా, నేను కావలించుకున్నంత పని చేశాం.

ఇక ఇంటికి తీసుకుపోదామంటే బాషా ఆగమన్నాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించకుండా ఏ బండినీ ఆ షెడ్డు దాటనివ్వడు. నమాజు నమాజే, నిమ్మకాయ నిమ్మకాయే అంటాడు. పెట్టాడు. నేను గేరు వేసి క్లచ్ వదిలాను. బండి ఒక్కసారి ఒణికి చచ్చిపోయింది.

మళ్ళీ స్టార్టు చేస్తే అందుకోదు. నలుగురు తోస్తే కదలదు. బ్రేకులు పట్టేశాయని, జాకీ పెట్టి ఒక్కో చక్రం లేపి చూశాం. కింద ఉన్న నిమ్మకాయలు దొర్లి పక్కకు పోయాయి. బ్రేకులు బాగానే ఉన్నాయి. జాకీ దించి తాళం తిప్పితే మొదటిసారికే ఇంజను అందుకుంది. నోటుబుక్కులో "బ్రేకులు" అని రాసుకున్నాను.

రెండోసారి మా వాకిట్లో. పక్క వీధి పూజారి కుంకుమ పెట్టి, హారతిచ్చి, నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. బండి చచ్చిపోయింది. గంటసేపు కుస్తీ పట్టాం. పూజారి తన దారిన తాను పోయాడు. పక్కింటి లక్ష్మమ్మ వచ్చి, "యాడికీ పోయేది లేదు గదా, కాయలెందుకు దండగ" అని నాలుగూ ఊరగాయకు ఏరుకుపోయింది. ఆమె తలుపు వేసుకునేలోపే ఇంజను అందుకుంది. నోటుబుక్కులో "బ్యాటరీ" అని రాసుకుని కొత్త బ్యాటరీ వేయించాను.

ప్రతిసారీ ఉన్నది ఏమిటో, లేనిది ఏమిటో చూడండిరా అని ఎన్నో ఏళ్ళుగా పిల్లల వెంట పడ్డవాణ్ణి. ఆ మాట నాకు నేను చెప్పుకోలేదు. చదువుకున్నవాడికన్నా చాకలి మేలన్న సామెత ఊరికే పుట్టలేదు.

జూన్ నెలలో ముహూర్తం రోజు వచ్చింది. పొద్దున్నే బయల్దేరే హడావిడిలో నిమ్మకాయల మాటే మర్చిపోయాను. బండి చిత్తూరు దాకా దగ్గలేదు. మొగిలి ఘాటు గొణుక్కుంటూ ఎక్కేసింది. పది గంటలకల్లా పలమనేరులో మామ వాకిట్లో నిలబెట్టాను. మరదళ్ళు తెరలెత్తి చూశారు, కొళాయి తిప్పి చూశారు, మంచమెక్కి కూర్చున్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

నా కూతుర్ని అంతకు ముందు రెండుసార్లే చూశాను. ఆ రోజు ఎత్తుకుంటే నా వేలు పట్టుకుని, బోసినోటితో నవ్వింది. వేలు విడిపించుకుంటే ఒప్పుకోలేదు. భోజనం కూడా ఎడమచేత్తో తినాల్సి వచ్చేదేమో, మా అత్త వచ్చి బిడ్డను తీసుకుంది.

మామ పంచాంగం, గొలుసు గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రెండు పదికి మంచి గడియ. రెండున్నరకు వర్జ్యం. ఆ ఇరవై నిమిషాల్లో చక్రం కదలాలి. ఈ రోజు తప్పితే ఆషాఢం. అది ఆరో నెల, సరి నెల, ఎలాగూ పంపరు. ఇక ఏడో నెలలోనే. అంటే రెండు నెలలు. ఆ బోసినవ్వు ఇంకో రెండు నెలలు చూడకుండా ఉండడం నా వల్ల కాదని నాకు బాగా తెలుసు.

రెండు పదికి అంతా సిద్ధం. కొక్కేలకు ఉయ్యాల కట్టాం. సుగుణ బిడ్డను తీసుకుని ఎక్కింది. మామ ఇంట్లోకి పోయి తన గార్డు ఈల, పచ్చజెండా తెచ్చుకున్నాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తన చేత్తోనే పెట్టాడు. ఈల వేశాడు. జెండా ఊపాడు.

బండి చచ్చిపోయింది.

తిప్పాను. తిప్పాను. వీధంతా పోగైంది. మామ గడియారం చూస్తూ, "ఏమప్పా, అవతల శ్రీహరికోటలో రాకెట్లు ఎగరేస్తా ఉండారు, నువ్వు ఈడ వ్యాను కదిలించలేకపోతా ఉండావే!" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. తర్వాత ఆయనే, ఇది దిష్టి అని తేల్చాడు. అత్త పళ్ళెం నిండా నిమ్మకాయలు తెచ్చింది. చక్రానికి రెండు పెట్టారు. కదల్లేదు. నాలుగు పెట్టారు. మిరపకాయలతో గుచ్చి ముందు బంపరుకు ఒక దండ కట్టారు. రెండు ఇరవైకి బండి కింద పదహారు కాయలున్నాయి. తాళం తిప్పితే ఇప్పుడు స్టార్టరు చప్పుడు కూడా లేదు.

చెప్పడానికి సిగ్గులేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సుగుణ బిడ్డను చంకనేసుకుని దిగి నా కిటికీ దగ్గరకు వచ్చింది. "ఇంతకు ముందు ఎన్ని తూర్లు నిలిచిపోయింది?" అంది.

"రెండు తూర్లు. షెడ్డులో ఒకసారి, మన వాకిట్లో ఒకసారి."

"రెండు తూర్లూ నిమ్మకాయలు పెట్టినారా?"

"పెట్టినాం."

"ఈ పొద్దు వచ్చేటప్పుడు?"

"మర్చిపోయినాను."

నన్ను ఆమె అంత జాలిగా చూడడం పెళ్ళయ్యాక అదే మొదలు. ఆఖరు మాత్రం కాదు. వెనక్కి తిరిగి, "నాయనా, ఆ కాయలు తీసి సూద్దాం" అంది.

"నిమ్మకాయ తొక్కించకుండా పసిబిడ్డను పంపేదా? నా తలకాయ తీసినా కుదరదు!" అని మామ ఈల మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

సుగుణ వాదించలేదు. "సరే, బిడ్డను రవంతసేపు పట్టుకో" అని ఆయన చేతుల్లో పెట్టింది. మామ ఒక చేతిలో జెండా, రెండో చేతిలో మనవరాలు, నోట్లో ఈల. ఆపడానికి చెయ్యి లేదు, అరవడానికి నోరు లేదు. ఆమె కొంగు బిగించి, నాలుగు చక్రాల కిందా వంగి, పదహారు కాయలూ ఏరి కొంగులో వేసుకుంది. బంపరు దండ కూడా తెంపుకుంది. లోపలికెక్కి కూర్చుని, "ఇప్పుడు తిప్పండి" అంది.

తిప్పాను. ఇంజను అందుకుంది. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

అత్త బిడ్డను లాక్కుని కిటికీలోంచి అందించింది. మామ ముఖం కందగడ్డలా ఉంది. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు, బండి కదులుతుంటే జెండా చెయ్యి దానంతటదే లేచింది. రెండు ఇరవై ఎనిమిదికి పలమనేరు వీధి దాటాం.

ఘాటులో సుగుణ ఒక నిమ్మకాయ గీరి వాసన చూసుకుంటూ కూర్చుంది. తిరుపతి దాకా ఒక్కసారి కూడా వాంతి కాలేదు. బిడ్డ ఉయ్యాల్లో నిద్రపోయింది.

ఇక నేను ఊరుకుంటానా? మర్నాడే బండిని బాషా షెడ్డుకు తోలి ప్రయోగాలు మొదలుపెట్టాను. చక్రాల కింద వంకాయలు పెట్టాం, తొక్కింది. ఎర్రగడ్డలు పెట్టాం, తొక్కింది. చీనీకాయలు పెట్టాం, నిమ్మకు దాయాదులే అయినా మొహమాటం లేకుండా తొక్కింది. ఒకే ఒక నిమ్మకాయ పెట్టాం, ఆగిపోయింది.

నా మనసులోని భయం కాలిలోకి దిగి, నేనే క్లచ్ సరిగ్గా వదలడం లేదేమో అన్న అనుమానం వచ్చింది. కాబట్టి కళ్ళకు గుడ్డ కట్టుకుని సీట్లో కూర్చున్నాను. ఏం పెడుతున్నాడో బాషా నాకు చెప్పకూడదు. తొమ్మిదిసార్లు చేశాం. ఐదుసార్లు కదిలింది, నాలుగుసార్లు ఆగింది. గుడ్డ విప్పి అడిగితే, ఆ నాలుగుసార్లే నిమ్మకాయ పెట్టానని బాషా చెప్పాడు. ఎండలో నిలబడ్డ మనిషి చలేసినట్టు చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆ బండి బానెట్ ఎత్తాలంటే ముందు చెప్పులు విప్పేవాడు.

మరొక్కటి. నెల తర్వాత చిత్తూరు నుంచి ఒక్కణ్ణే వస్తున్నాను. నడిరోడ్డు మీద, పట్టపగలు, బండి ఆగిపోయింది. దిగి చూస్తే ముందు ఎడమ చక్రానికి బెత్తెడు దూరంలో ఒక నిమ్మకాయ. ఏ సంత బండిలోంచి దొర్లిందో. నేను దాన్ని చూడలేదు, సీట్లోంచి కనిపించదు కూడా. ఏరి జేబులో వేసుకున్నాను. బండి కదిలింది.

దసరా సెలవుల్లో సుగుణను, బిడ్డను తీసుకుని గూడూరు వెళ్ళాను. తోట గేటు బయటే ఆపాను. చెంగయ్య వచ్చి బండి చుట్టూ తిరిగి, ఆకుపచ్చ రంగు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు.

"పెద్దాయన వాళ్ళమ్మ ఈ ఊరి నిమ్మకాయల మార్కెట్లో, బండ్ల కింద దొర్లిన కాయలు ఏరి అమ్మి ఆయన్ను సాకింది సామీ" అన్నాడు. "కాయ తొక్కితే అన్నం ముద్ద తొక్కినట్టేరా అనేవాడు. పెద్ద షావుకారయినాక కూడా మార్కెట్లో బండి ఆపి, దిగి, ముందర పడిన కాయ ఏరి జేబులో ఏసుకుని, ఆనెక ఎక్కేవాడు."

సుగుణ బిడ్డను గట్టిగా దగ్గరికి తీసుకుంది. నాకు ఊరగాయకు ఏరుకుపోయిన లక్ష్మమ్మ గుర్తొచ్చింది. మా అందరిలో తెలివైన పని చేసిన మనిషి ఆవిడే అనిపించింది.

చెంగయ్య నన్ను అడిగింది ఒక్కటే. "మీరు తొక్కలేదు గదా సామీ?"

"లేదు" అన్నాను. నిజమే. నేను తొక్కబోయాను, బండి తొక్కనివ్వలేదు.

ఆ బండి ఇంకో ఆరేళ్ళు మాతో ఉంది. నా నోటుబుక్కులో వాలు నేల, తేమ, వేడి, వదులైన వైరు, అన్నీ రాసి అన్నీ కొట్టేశాను. ఆ కళ్ళగంతల తొమ్మిదిసార్లకు ఏదీ అతకలేదు. తర్వాత ఇంజనీర్లను అడిగాను. వాళ్ళు నావైపు చూసిన చూపు, నేను మంత్రగాళ్ళను నమ్మేవాళ్ళవైపు చూసే చూపే.

మందార పువ్వు ప్రయోగం మాత్రం మానలేదు. కానీ కోసిన కాయను కిటికీలోంచి పారెయ్యడం మానేశాను. కూజా నీళ్ళలోకి పిండేసి, చక్కెర కలిపి, క్లాసులో అందరికీ తలా గుక్కెడు పోసేవాణ్ణి. మా అమ్మాయి కూడా పెరిగి నా క్లాసుకే వచ్చింది. ఇంట్లో వందసార్లు విన్న కథే అయినా, ఆ రోజు కావాలనే లేచి నిలబడి అడిగింది.

"కాయను ఎందుకు పారెయ్యరు సార్?"

క్లాసు మొత్తం నావైపు చూసింది. రసం ఎందుకు ఎర్రబడిందో అప్పుడే పది నిమిషాలు చెప్పి ఉన్నాను. కూజా వంచి ఒక గ్లాసు నింపి మా అమ్మాయి చేతికిచ్చాను.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "తాగు."